బిడ్డను పెంచుతూ సంఘంలో పరిచర్య శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల్లోని సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు సంఘాల్లోనూ స్వతంత్ర సంఘాల్లోనూ పరిచర్య, అంటే సంఘ సేవ, నేర్చుకోవడానికి వచ్చే తల్లులు, అప్పుడప్పుడు తండ్రులు కూడా, ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఇంటర్న్‌లకు పర్యవేక్షకురాలిగా ఉన్నందువల్ల వాటిలో చాలా నా దగ్గరకు వస్తాయి. అందుకే జవాబులను శిక్షణ సాగే క్రమంలో ఒకచోట చేర్చాను. మీ సందేహం ఏదైతే అక్కడికే నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## చేరే ముందు

నాకు చంటిపాప ఉంది. ఇప్పుడే చేరాలా, పాప బడికి వెళ్ళేదాకా ఆగాలా?

బడి ఈడు వచ్చేదాకా ఆగనక్కరలేదు గానీ మొదటి ఆరు నెలలు మాత్రం ఆగమనే చెబుతాను. ఆ ఆరు నెలలూ బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ పట్టవద్దని వైద్యులు చెబుతారు. 6, 10, 14 వారాల టీకాలు ఆ కాలంలోనే వరుసగా వస్తాయి. తల్లి శరీరం కూడా అప్పుడే కోలుకుంటూ ఉంటుంది. బిడ్డకు మెత్తని అన్నం అలవాటవుతున్నప్పటి నుంచి వారానికి కొన్ని గంటలతో మొదలుపెట్టవచ్చు. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో హన్నా, బిడ్డ పాలు మానేదాకా షిలోహులోని దేవుని మందిరానికి రానని భర్తతో చెప్పింది. నీకు ఏది మంచిదనిపిస్తే అదే చేయమని ఎల్కానా ఒప్పుకున్నాడు. దేవునికి మొక్కుకున్న తల్లే బిడ్డ అవసరాన్ని చూసి ప్రయాణం వాయిదా వేసుకుంటే, ఆ వాయిదాను ఆ గ్రంథం ఎక్కడా తప్పుపట్టలేదు. ఆలస్యం చేస్తే పిలుపు చల్లారిపోతుందని ఎవరైనా మిమ్మల్ని తొందరపెడితే ఆ అధ్యాయం చదివి వినిపించండి.

ఫీల్డ్ వర్క్, ఇంటర్న్‌షిప్, ప్రొబేషన్ మూడూ ఒకటేనా?

కావు, వీటి మధ్య తేడా బిడ్డ ఉన్నవారికి చాలా ముఖ్యం. ఫీల్డ్ వర్క్ అంటే చదువుకునే రోజుల్లో వారాంతాల్లో వేదాంత కాలేజీ కేటాయించిన సంఘానికి వెళ్ళి రావడం. ఇంటర్న్‌షిప్‌లో తరగతులను పక్కనపెట్టి కొన్ని నెలలపాటు, కొన్ని కాలేజీల్లో ఏడాదిపాటు, ఒక పాస్టర్‌గారి పర్యవేక్షణలో సంఘంలోనే పనిచేస్తూ నేర్చుకుంటారు. చదువు ముగిశాక, అభిషేకానికి (పాస్టర్‌గా అధికారికంగా నియమించడానికి) ముందు మీ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల సమూహం) గానీ సినడ్ (సంఘ పాలక సభ) గానీ మిమ్మల్ని పరిశీలించే కాలం ప్రొబేషన్. మొదటి రెండింటిలో స్థలం గురించి, గంటల గురించి అడిగి మార్పించుకోవడానికి కొంత వీలుంటుంది. ప్రొబేషన్‌లో మిమ్మల్ని ఎక్కడికి పంపాలో సంఘ అధికారులే నిర్ణయిస్తారు కనుక బిడ్డ చదువు, ఆరోగ్యం గురించి ఏమైనా చెప్పుకోవలసి ఉంటే పోస్టింగ్ ఉత్తర్వు రాకముందే రాతపూర్వకంగా చెప్పాలి.

హాస్టల్లో ఉండి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదవలేను. ఇంటి దగ్గరే ఉండి నేర్చుకునే దారి ఉందా?

ఉంది. బి.డి. సాధారణంగా కాలేజీలోనే ఉండి చదివే కోర్సు. అయితే ఆ పట్టాను ఇచ్చే సెరాంపూర్ సెనేట్ అనే వేదాంత విద్యాసంస్థే దూరవిద్య పద్ధతిలో డిప్లొమా ఇన్ క్రిస్టియన్ స్టడీస్, బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్ కోర్సులను నడుపుతోంది. బెంగళూరు కేంద్రంగా 1971లో మొదలైన టాఫ్టీ అనే వేదాంత దూరవిద్యా సంస్థ పాఠాలు ఇంటి దగ్గర చదువుకుని, వారానికోసారి చిన్న గుంపుగా కూడి చర్చించుకునే పద్ధతిలో సాగుతాయి. తెలుగులోనూ కోర్సులున్నాయి. బిడ్డ నిద్రపోయాక ఒక గంట కూర్చోగలిగే తల్లికి ఆ పద్ధతి బాగా కుదురుతుంది. ఈ చదువుకు తోడుగా మీ స్వంత సంఘంలో పాస్టర్‌గారి అనుమతితో ఇంటర్న్‌గా పనిచేయవచ్చు.

అభిషేకం కోరేవారు మాత్రం, ఏ చదువును అంగీకరిస్తారో ముందుగా తమ డయాసిస్ లేదా సినడ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. బి.డి. తప్పనిసరి అని చెబితే, కుటుంబంతో ఉండేందుకు క్వార్టర్లు దొరుకుతాయా అని కాలేజీని అడగండి. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ వంటి, అనేక సంఘశాఖలు కలిసి నడిపే సంస్థల్లో దరఖాస్తు సమయంలోనే ఈ మాట అడగడం మంచిది.

మా సంఘంలో స్త్రీలకు అభిషేకం లేదు. అయినా ఇంటర్న్‌షిప్ వల్ల ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, అయితే చివరికి ఏ పని దొరుకుతుందో కళ్ళు తెరిచి చూసుకునే చేరాలి. తెలుగు సంఘాలన్నిటి పరిస్థితి ఒకటి కాదు. సి.ఎస్.ఐ.లో 1976 నుంచి స్త్రీలకు అభిషేకం ఉంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలితగారు బిషప్ అయ్యారు, ఆ సంఘానికి ఆమే తొలి మహిళా బిషప్. ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1999లో స్త్రీలకు అభిషేకమివ్వడం ప్రారంభించింది. చాలా స్వతంత్ర సంఘాల్లో ఆ అవకాశం ఇప్పటికీ లేదు.

కానీ అభిషేకం లేనివారు చేసిన పని తక్కువది కాదు. మిషనరీల కాలం నుంచి బైబిల్ స్త్రీలు ఇంటింటికీ నడిచి, చదువురాని ఆడవాళ్ళకు అక్షరాలు, వాక్యం రెండూ నేర్పారు. పరదా చాటున ఉన్న ఇళ్ళలోకి వాక్యం వెళ్ళింది వారి వల్లే. ఇప్పటికీ ఆసుపత్రి పరిచర్య, కౌన్సెలింగ్, పిల్లల పరిచర్య, హాస్టల్ వార్డెన్ పని, స్త్రీల సమాజాల నిర్వహణ వంటివి శిక్షణ ఉన్న మనుషులను కోరుతున్నాయి. వీటిలో ఏది మీకు దొరకగలదో మొదటి సమావేశంలోనే సూటిగా అడగండి. మొహమాటపడి అడగక, శిక్షణంతా అయ్యాక నిరాశపడినవారు ఉన్నారు.

బిడ్డ సంగతి పాస్టర్‌గారికి ముందే చెప్పాలా? చెబితే తీసుకోరేమోనని భయం.

ముందే చెప్పాలి, చెప్పడమే కాదు, ఒప్పంద పత్రంలో రాయించాలి. మొత్తం జవాబుల్లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. బిడ్డ లేనట్టుగా ఒప్పుకున్న శిక్షణలో బిడ్డకు వచ్చే ప్రతి జలుబూ మీ తప్పులా కనిపిస్తుంది. ముందే రాసుకున్నప్పుడు అదే జలుబు అనుకున్న పరిస్థితుల్లో ఒకటి అవుతుంది. బిడ్డ ఉందని తెలిసి వద్దనే సంఘం, దాచిపెట్టి చేరితే నాలుగో వారంలో వద్దంటుంది. అప్పటికి మీ సమయం పోతుంది, పేరు కూడా పోతుంది.

పత్రం ఒక పేజీ ఉంటే చాలు. వారానికి ఎన్ని గంటలు, వాటిలో సంఘంలో ఉండవలసినవి ఎన్ని, ఇంటి దగ్గర చదువుకూ ప్రసంగం సిద్ధపాటుకూ ఎన్ని. వారంలో పూర్తి సెలవు ఏ రోజు. రాత్రి కార్యక్రమాలు నెలకు ఎన్నింటికి రాగలరు. మీరు ఆరాధన నడిపించే సమయంలో బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది. పాలివ్వడానికి ఏ గది వాడుకోవచ్చు. బిడ్డకు ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరికి, ఎంత ముందుగా చెప్పాలి, తప్పిన పనిని ఎలా పూర్తిచేయాలి. దారి ఖర్చు ఎవరిది. మీ పనిని ఎవరు, వేటిని బట్టి మూల్యాంకనం చేస్తారు. పాస్టర్‌గారు, మీరు, కాలేజీ తరఫున ఒకరు సంతకం చేసి తలా ఒక ప్రతి ఉంచుకోవాలి. "మనలో మనకు కాగితాలెందుకమ్మా" అని పెద్దలు ప్రేమగానే అంటారు. పాస్టర్‌గారు మధ్యలో బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి చూపించడానికని వినయంగా చెప్పండి. అది నిజం కూడా.

స్టైపెండ్ ఇస్తారా?

చాలాచోట్ల ఇవ్వరు, ఇచ్చినా అది దారి ఖర్చులకే సరిపోతుంది. జీతం కాకపోయినా ఆటో, బస్సు ఛార్జీలు, మీరు పనిలో ఉన్నప్పుడు బిడ్డను చూసుకునే మనిషికి ఇచ్చే మొత్తం సంఘం భరించగలదా అని అడగడం అత్యాశ కాదు. నెలకు మీకు ఎంత ఖర్చవుతుందో చీటీ మీద రాసి చూపిస్తే పాస్టరేట్ కమిటీ (సంఘ నిర్వాహకుల కమిటీ) నిర్ణయం తీసుకోవడం సులువవుతుంది.

నేను ఒంటరి తల్లిని. నా కుటుంబ విషయాలు ఎంతవరకు చెప్పాలి?

మీ పర్యవేక్షకులకు చెప్పవలసినవి రెండే: బిడ్డ బాధ్యతలో మీకు తోడు ఎవరున్నారు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి. భర్త చనిపోయారా, విడిపోయారా, ఎందుకు విడిపోయారు అన్నవి సంఘమంతటికీ వివరించవలసిన పని లేదు. కోర్టులో బిడ్డ సంరక్షణ కేసు నడుస్తూ ఉంటే మాత్రం పర్యవేక్షకులకు తెలిసి ఉండాలి, ఎందుకంటే గుడి ఆవరణ నుంచి బిడ్డను ఎవరు తీసుకువెళ్ళవచ్చు, ఎవరు తీసుకువెళ్ళకూడదు అన్నది వారు కూడా గమనించాలి.

సంఘంలో పదిమందీ ప్రశ్నలు వేస్తారు. "ప్రార్థన చేయండమ్మా" అని చెప్పి ఊరుకునే హక్కు మీకుంది. విధవరాండ్రను ఆదుకొమ్మని లేఖనాలు అంతగా చెబుతున్నా, ఒంటరి తల్లి పరిచర్యకు వస్తే ముందు అనుమానంగా చూసే సంఘాలు ఇంకా ఉండటం నాకు బాధ కలిగిస్తుంది. ఆ చూపు మీ అర్హతకు కొలత కాదు.

## మొదటి నెలలు

నేను ఆరాధన నడిపిస్తుండగా బిడ్డ ఏడిస్తే ఏం చేయాలి?

బిడ్డను ఎవరు ఎత్తుకోవాలో ముందే నిర్ణయించి ఉంటే మీరు ఏమీ చేయనక్కరలేదు. బిడ్డకు బాగా అలవాటైన ఒక మనిషిని తలుపు దగ్గర వరుసలో కూర్చోబెట్టండి. ఏడుపు మొదలుకాగానే వారు బయటకు తీసుకువెళతారు. బిడ్డ మిమ్మల్ని చూస్తే ఊరుకోదు కనుక వేదిక ఎదురుగా కూర్చోబెట్టవద్దు. ప్రార్థన మధ్యలో ఏడుపు వినిపిస్తే ఆగి క్షమాపణ చెప్పకండి, మాట కొనసాగించండి. మొదటి రెండు మూడు వారాలు చూపులు మీ మీద ఉంటాయి, తరువాత సంఘం అలవాటు పడుతుంది.

పాలు తాగే బిడ్డతో ప్రసంగం ఉన్న ఆదివారం ఎలా గడపాలి?

ఆరాధన మొదలవడానికి అరగంట ముందు వచ్చి, వెస్ట్రీలోనో (గుడిలో పాస్టర్‌గారు సిద్ధమయ్యే గది) పార్సనేజ్‌లోనో (పాస్టర్‌గారి ఇల్లు) తలుపు మూసుకోగల గదిలో పాలిచ్చి వేదిక ఎక్కండి. ప్రభు భోజన సంస్కారం ఉన్న ఆదివారం ఆరాధన రెండు గంటలు దాటుతుంది. ఆ రోజు ప్రసంగం అయ్యాక మీరు కాసేపు బయటకు వెళ్ళడానికి పాస్టర్‌గారితో ముందే మాట్లాడుకోండి. సంస్కారాన్ని నిర్వహించేది అభిషిక్తులే కనుక ఇంటర్న్ లేకపోయినా ఆ భాగం ఆగదు.

పాలు పిండి ఉంచాలనుకుంటే, 25 డిగ్రీల లోపు వేడిమిలో 4 గంటల వరకు నిలవ ఉంటాయి. మన ఏప్రిల్, మే నెలల్లో గది ఆ చల్లదనంలో ఉండదు కాబట్టి ఐస్ ప్యాక్ ఉన్న సంచి గానీ పార్సనేజ్ ఫ్రిజ్ గానీ వాడండి. ముందు భాగం తెరుచుకునే జాకెట్టు, మీద ఒక చున్నీ లేదా శాలువా ఉంటే ఆరాధనలో వేసుకునే గౌను కింద కూడా ఇబ్బంది ఉండదు.

ప్రసంగం సిద్ధపడటానికి సమయమే దొరకడం లేదు.

ఒకేసారి నాలుగు గంటలు దొరుకుతాయని ఎదురుచూడటం మానండి, అవి దొరకవు. సి.ఎస్.ఐ. పంచాంగంలో ప్రతి ఆదివారానికీ అంశం, పాఠాలు ముందే ఉంటాయి. స్వతంత్ర సంఘమైతే వాక్యభాగాన్ని పది రోజుల ముందే ఇవ్వమని పాస్టర్‌గారిని కోరండి. సోమవారం ఆ భాగాన్ని చదివి ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసుకుంటే, అంట్లు తోముతున్నప్పుడు, బిడ్డను నిద్రపుచ్చుతున్నప్పుడు వింటూ ఉండవచ్చు. బుధవారానికి ప్రసంగంలో చెప్పదలచిన ఒక్క సంగతిని ఒక్క వాక్యంలో రాసుకోండి. శుక్రవారం దాన్ని వివరిస్తూ పూర్తి ప్రసంగం రాయండి. శనివారం గట్టిగా చదివి గడియారం చూసుకోండి. వ్యాఖ్యాన గ్రంథాలు చదివే పనిని వారంలో బిడ్డను మరొకరు చూసుకునే ఆ రెండు గంటలకు అట్టిపెట్టండి, ఆ సమయంలో ఇంటిపని పెట్టుకోకండి. ఇరవై నిమిషాల ప్రసంగం సంఘానికి చాలు. గంటసేపు మాట్లాడటం సిద్ధపాటుకు గుర్తు అని మనలో పాతుకుపోయిన అభిప్రాయంతో నేను ఏకీభవించను.

ఇళ్ళ దర్శనాలకు బిడ్డను వెంట తీసుకువెళ్ళవచ్చా?

కొన్నిటికి తీసుకువెళ్ళవచ్చు, కొన్నిటికి ఎంత మాత్రం కూడదు. వృద్ధుల ఇళ్ళకు, కొత్తగా బిడ్డ పుట్టిన ఇళ్ళకు, పుట్టినరోజు ప్రార్థనలకు వెళ్ళినప్పుడు మీ బిడ్డ వల్ల మాటలు తేలికగా కలుస్తాయి. పెద్దగా మాట్లాడని ముసలివారు కూడా బిడ్డను చూసి నోరు విప్పడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆసుపత్రి వార్డులకు, క్షయ వంటి అంటువ్యాధి ఉన్న ఇళ్ళకు, చావు జరిగిన ఇంటికి మొదటి రోజున, భార్యాభర్తల గొడవ మాట్లాడవలసిన చోటికి బిడ్డను తీసుకువెళ్ళవద్దు. మాటలు వచ్చిన పిల్లలు విన్నదాన్ని ఇంకో ఇంట్లో చెప్పేస్తారు. ఒకరు మీకు రహస్యంగా చెప్పుకున్న బాధ అలా బయటపడితే ఆ కుటుంబం మళ్ళీ మిమ్మల్ని నమ్మదు. ఒక సాయంత్రం నాలుగు ఇళ్ళు తిరిగే బదులు రెండు ఇళ్ళకే వెళ్ళి, ఇంటికి వచ్చాక ఏం విన్నారో రాసుకోవడం వల్ల ఎక్కువ నేర్చుకుంటారు.

"సేవ పేరుతో పిల్లను నాకు వదిలేసి తిరుగుతోంది" అని అత్తయ్యగారు అంటున్నారు.

ఆ మాటలో నింద ఎంత ఉందో అలసట కూడా అంత ఉంటుంది. ముందు అలసటకు జవాబు చెప్పండి. ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్ళి ఎన్ని గంటలకు వస్తారో కాగితం మీద రాసి ఇంట్లో అంటించండి, చెప్పిన వేళకు తప్పకుండా రండి. ఆలస్యమైనప్పుడు "దేవుని పని అత్తయ్యా, ఏం చేయను" అని మాత్రం అనకండి. ఆ మాట ఎదుటివారికి బదులు చెప్పే వీలు లేకుండా చేస్తుంది, మనసులో కోపం మిగిలిపోతుంది. మీ భర్త ఇంట్లో ఉండే వేళల్లో బిడ్డ బాధ్యత ఆయన తీసుకోవాలి. ఆ సంగతి అత్తగారితో మీ భర్తే మాట్లాడటం మేలు. వారానికి ఒక పూట ఆమెకు పూర్తి విశ్రాంతి ఇచ్చి, ఆమె స్త్రీల కూడికకో చుట్టాల ఇంటికో వెళ్ళేలా చూడండి. తిమోతి విశ్వాసం గురించి రాసినప్పుడు పౌలు అమ్మమ్మ లోయిని, తల్లి యునీకేను కలిపే గుర్తుచేశాడు. పెద్దవాళ్ళు బిడ్డను చూడటం కూడా పరిచర్యే అని పదిమంది ముందు ఒకసారి చెప్పి చూడండి, అత్తయ్యగారి మాట తీరు మారే అవకాశం ఉంది.

పని ఉన్నప్పుడు బిడ్డను సంఘంలో ఎవరికైనా అప్పగించవచ్చా?

మీకు బాగా తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళకు, అందరికీ కనిపించే చోట, అప్పగించవచ్చు. ఒక్కరికే, మూసిన గదిలో, ఎవరికీ ఇవ్వకండి. వారు సంఘ పెద్ద అయినా, ఎంత మంచి పేరున్నవారైనా ఈ నియమం మారదు. "మన సంఘంలో అలాంటివి జరగవు" అనే నమ్మకం వల్లే చాలామంది పిల్లలకు జరిగిన హాని బయటకు రాలేదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, అటువంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పడం తప్పనిసరి. సంఘంలోనే సర్దుబాటు చేయడం చట్టవిరుద్ధం. పిల్లల సహాయ నంబరు 1098కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఇంటర్న్‌గా మీరు సండే స్కూలు చూస్తున్నట్లయితే, మీ బిడ్డకు పెట్టుకున్న ఈ నియమాన్నే అక్కడి పిల్లలందరికీ అమలు చేయించండి.

## పండుగలు, అత్యవసరాలు

డిసెంబరంతా రాత్రి క్యారల్స్ ఉంటాయి. నేను వెళ్ళకపోతే శిక్షణ సరిగా చేయలేదంటారా?

అన్ని రాత్రులూ వెళ్ళనక్కరలేదు, ఒకటి రెండు రాత్రులు మాత్రం తప్పకుండా వెళ్ళండి. సంఘంలో ఎవరెవరు ఏ బస్తీలో, ఎలాంటి ఇళ్ళలో ఉంటున్నారో క్యారల్స్‌లో తెలిసినంతగా మరెప్పుడూ తెలియదు. మిగిలిన రాత్రులకు బదులుగా పగటిపూట చేయగల పనిని మీరే ముందుకు వచ్చి అడిగి తీసుకోండి: క్రిస్మస్ కార్యక్రమానికి పిల్లల అభ్యాసం, వృద్ధులకు ఇంటి దగ్గర ప్రభు భోజనం ఇచ్చే రోజు పాస్టర్‌గారి వెంట వెళ్ళడం, పేదలకు బట్టల పంపిణీ జాబితా. చలిలో, ధూళిలో, తెరిచిన వ్యాన్‌లో చంటిబిడ్డను తిప్పవద్దు. 31వ తేదీ రాత్రి ఆరాధనకు బిడ్డ నిద్రపోయే చోటు దొరికితేనే వెళ్ళండి.

లెంట్ కాలంలో (ఈస్టర్‌కు ముందు శ్రమల ధ్యాన దినాల్లో), గుడ్ ఫ్రైడే రోజున ఏ బాధ్యత అడగాలి?

గుడ్ ఫ్రైడే నాటి మూడు గంటల ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను వేర్వేరు ప్రసంగీకులు పంచుకుంటారు కనుక ఒక మాటను అడిగి తీసుకోండి. సిద్ధపాటు ఒక చిన్న భాగానికే పరిమితమవుతుంది, మాట్లాడవలసింది పదిహేను ఇరవై నిమిషాలే, వినేది మాత్రం నిండు సంఘం. బిడ్డ ఉన్న ఇంటర్న్‌కు ఇంతకంటే మంచి అవకాశం ఏడాదిలో ఇంకొకటి నాకు కనిపించదు.

వి.బి.ఎస్.కు (వేసవి సెలవుల బైబిల్ బడికి) నా బిడ్డను తీసుకురావచ్చా?

మూడేళ్ళు దాటితే విద్యార్థిగా తీసుకురండి, అయితే మీ తరగతిలో కాకుండా వేరే టీచర్ దగ్గర కూర్చోబెట్టండి. వేసవి కనుక పదకొండు గంటల లోపే ముగిసేలా వేళలు పెట్టమని కోరండి.

ఆదివారం ప్రసంగం నాది. శనివారం రాత్రి బిడ్డకు జ్వరం వచ్చింది.

వెంటనే పాస్టర్‌గారికి ఫోన్ చేసి, మీ ప్రసంగం రాతప్రతిని వాట్సాప్‌లో పంపండి. దాన్ని చదవాలో, స్వంతంగా మాట్లాడాలో ఆయన నిర్ణయించుకుంటారు. ఈ కారణంగానే ప్రతి ప్రసంగాన్నీ శుక్రవారానికల్లా పూర్తి వాక్యాలతో రాసి ఉంచుకోమని ఇంటర్న్‌లందరికీ చెబుతాను. తెల్లవారేదాకా చూద్దామని ఆగవద్దు. ఉదయం ఆరు గంటలకు చెప్పినదానికంటే రాత్రి తొమ్మిదింటికి చెప్పిన కబురు ఎదుటివారికి ఎంతో ఉపకారం. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే, ఎంత తక్కువగా ఉన్నా, అదే రాత్రి డాక్టరుకు చూపించాలి.

అర్ధరాత్రి ఎవరైనా చనిపోయారని కబురు వస్తే వెళ్ళాలా?

రాత్రివేళ పాస్టర్‌గారు వెళతారు. మీరు తెల్లవారి వెళ్ళవచ్చు. భూస్థాపన ఆరాధనలో ఒక లేఖన పాఠమో ప్రార్థనో మీకు ఇవ్వమని అడగండి. అందరూ వెళ్ళిపోయిన తరువాత, నాలుగైదు రోజులకు, ఆ ఇంటికి వెళ్ళి కూర్చోండి. దుఃఖంలో ఉన్నవారికి అప్పుడే మనిషి కావాలి, ఆ వేళను మీరు మీ బిడ్డ వేళలకు అనుగుణంగా ఎంచుకోగలరు కూడా.

## నేర్చుకోవడం, మూల్యాంకనం

నాకు ఎప్పుడూ సండే స్కూలు, స్త్రీల కూడికలే ఇస్తున్నారు. ఏం చేయాలి?

తల్లి కనుక పిల్లల పని సహజంగా వస్తుందని అనుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. అవి విలువైన పనులే, కానీ వాటితోనే కాలమంతా గడిస్తే సంఘ కాపరి పనిలో సగం మీకు తెలియకుండానే మిగిలిపోతుంది. రెండో నెలలోనే ఒక జాబితాతో పాస్టర్‌గారిని కలవండి: పాస్టరేట్ కమిటీ సమావేశంలో ఒకసారి కూర్చోవడం, వివాహ ప్రకటనలూ రిజిస్టర్లూ ఎలా రాస్తారో చూడటం, కానుకల లెక్కింపు, పెళ్ళికి ముందు జంటతో జరిగే సంభాషణ, భూస్థాపన, పండుగ కాని మామూలు ఆదివారపు ప్రసంగం. వీటిలో చాలా పగటి పనులే, బిడ్డ ఉన్నా చేయదగినవే. "మీకు శ్రమ అవుతుందని ఇవ్వలేదమ్మా" అని చెప్పే పాస్టర్‌గారు నిజంగా మీ మేలు కోరే ఉంటారు; ఏది శ్రమో మీరే చెబుతానని మర్యాదగా అనండి.

తక్కువ గంటలు చేస్తున్నాను. మార్కులు తగ్గుతాయా?

కాలేజీ నిర్ణయించిన కనీస గంటలను పూర్తిచేయవలసిందే, వాటిలో మినహాయింపు అడగడం మంచిది కాదు. అయితే వాటిని ఎక్కువ వారాలకు పరచమని అడగవచ్చు. మిగిలిన తీర్పు, మీరు చర్చి ఆవరణలో ఎంతసేపు కనిపించారన్నదాని మీద కాక ఏం నేర్చుకున్నారన్నదాని మీద ఉండాలి. అందుకు రుజువు మీ దగ్గర ఉండాలి: ప్రసంగాల రాతప్రతులు, దర్శనాల డైరీ, సంఘంలో ముగ్గురు నలుగురు రాసిచ్చిన అభిప్రాయాలు.

నా రిపోర్టులో బిడ్డ గురించి రాయవచ్చా?

పరిచర్య గురించి ఆలోచించడానికి అది ఉపయోగపడిన చోట తప్పకుండా రాయండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర మీ బిడ్డ పేరెత్తడానికి ఎందుకు సంకోచించారు, ఆ సంకోచంలో ఏం నేర్చుకున్నారు అన్నది మంచి రిపోర్టుకు విషయం. ఆసుపత్రి పరిచర్య శిక్షణలో, వెల్లూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వంటి చోట్ల, రోగితో జరిగిన సంభాషణను మాట పొల్లుపోకుండా రాసి, తమలో కలిగిన భావాలను పక్కన వివరించే పద్ధతి ఉంది. దాన్ని మీరు మీ సంఘ దర్శనాలకూ వాడుకోవచ్చు. రోగుల పేర్లు, సంఘస్థుల పేర్లు మార్చి రాయండి. బిడ్డ వల్ల ఎన్ని రాత్రులు నిద్ర లేదన్న వివరం మాత్రం రిపోర్టుకు అవసరం లేదు. అది పర్యవేక్షకులతో నోటిమాటగా చెప్పుకోవలసినది.

"తన ఇంటిని ఏలలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడు" అన్న వాక్యాన్ని నా మీద వాడుతున్నారు.

తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలోని ఆ మాట, ఇంట్లో పిల్లలున్న మనిషి సంఘాధ్యక్షుడు కావచ్చుననే అనుకుని రాసినది. కాబట్టి పిల్లలుండటం అడ్డంకి అనే అర్థం దానిలో లేదు. రెండేళ్ళ బిడ్డ మారాం చేయడం ఇంటిని ఏలలేకపోవడం కాదు, అది ఆ వయసు లక్షణం. వాదన పెట్టుకోకుండా ఈ రెండు సంగతులూ నెమ్మదిగా చెప్పండి. అదే పదే పదే ఎదురైతే పాస్టర్‌గారినే సంఘానికి ఆ భాగం మీద బోధించమని కోరండి.

నేను తండ్రిని. ఈ మాటలు నాకూ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. మగ ఇంటర్న్‌ను బిడ్డ గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే ఇంట్లో ఇంకొకరు చూసుకుంటున్నారని అందరూ అనుకుంటారు. ఆ ఇంకొకరి పనిని లెక్కలోకి తెచ్చిన సంప్రదాయం మనకు ఉంది: డోర్నకల్‌లో అజరయ్య బిషప్‌గారి కాలంలో గ్రామ బోధకులను భార్యలతో సహా పిలిపించి ఇద్దరికీ శిక్షణ ఇచ్చేవారు. మీ భార్యను రేపు సంఘమంతా "అమ్మగారు" అని పిలుస్తుంది, ఆమె నుంచి ఎంతో పని ఆశిస్తుంది, దానికి శిక్షణ మాత్రం ఇవ్వదు. బిడ్డను మీరు చూసుకుంటే వారానికి ఒక పూట ఆమె కూడా మీ తరగతులకో చర్చలకో రాగలుగుతుంది. మీ ఒప్పంద పత్రంలో వారపు సెలవు రోజును, బిడ్డకు మీరు కేటాయించే గంటలను రాయించుకోండి.

శిక్షణలో ఒక పెద్దమనిషి ప్రవర్తన ఇబ్బందిగా ఉంది. నేను ఉద్యోగిని కాను కదా, ఫిర్యాదు చేయవచ్చా?

చేయవచ్చు. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం శిక్షణలో ఉన్నవారిని, జీతం లేకుండా పనిచేసేవారిని కూడా రక్షిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అది లేని చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఆ గడువును మరో మూడు నెలలు పొడిగించవచ్చు. తేదీలు, మెసేజీలు భద్రపరచండి, కాలేజీలోని మీ అధ్యాపకురాలికి అదే రోజు చెప్పండి. సంఘానికి చెడ్డపేరు వస్తుందని మిమ్మల్ని ఊరుకోమనేవారి మాట వినకండి.

## ముగిసే ముందు

మళ్ళీ గర్భం వచ్చింది. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అవుతుందా?

రాతపూర్వకంగా ఆపితే కాదు. ఇప్పటివరకు పూర్తయిన గంటలు, చేసిన పనులు, ఇచ్చిన ప్రసంగాల జాబితాను పాస్టర్‌గారి సంతకంతో తీసుకుని కాలేజీకి ఇవ్వండి, తిరిగి చేరే నెలను కూడా అందులో రాయండి. చెప్పకుండా రావడం మానేసినవారికి తరువాత ఆ గంటలను లెక్కలోకి తీసుకోవడం ఎవరికైనా కష్టమవుతుంది.

శిక్షణ అయ్యాక పోస్టింగ్ ఎక్కడ వస్తుందో తెలియదు. బిడ్డ బడి సంగతి ఎలా?

పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి మార్చి నెలలోనే డయాసిస్ లేదా సినడ్ కార్యాలయానికి ఒక విన్నపం ఇవ్వండి. అందులో బిడ్డ వయసు, చేరవలసిన తరగతి, ప్రత్యేక వైద్యం అవసరమైతే దాని వివరం, మీరు వెళ్ళగలిగిన మూడు ప్రాంతాలు రాయండి. "ఎక్కడికైనా పంపండి" అని రాస్తే మిమ్మల్ని మెచ్చుకుంటారు గానీ బిడ్డకు బడి లేని చోటికి పంపినప్పుడు అడగడానికి ఆధారం ఉండదు. పల్లెకు వెళ్ళవలసి వస్తే వెనుకాడకండి. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య ఉంటుంది, పార్సనేజ్ చర్చి ఆవరణలోనే ఉంటే పట్టణంలో కంటే బిడ్డ మీ కళ్ళెదుట ఎక్కువసేపు ఉంటుంది. ఇల్లు మారే ముందు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత దూరమో, పార్సనేజ్‌లో నీటి వసతి ఎలా ఉందో ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రండి. టీకాల కార్డు, జనన ధ్రువపత్రం, బిడ్డ ఆధార్ మీ చేతి సంచిలోనే ఉంచుకోండి.